సంతకం లేని నాలుగు పేజీలు

మెడికల్ పీజీలో చూసిన కేసులన్నీ లాగ్‌బుక్‌లో రాయాలి, హాజరు 80 శాతం ఉండాలి, సరే, ఒప్పుకుంటాను. కానీ డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ, అంటే పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సిన మూడు నెలలూ, నల్లగొండ జిల్లాలో రాత్రనక పగలనక డ్యూటీలు చేసి వస్తే, లాగ్‌బుక్‌లో నాలుగు పేజీల్లో సంతకాల్లేవని “నువ్వు పనిచేసినట్టు రుజువేదమ్మా?” అని కాలేజీలో అందరి ముందూ అడిగారు. ఏడుపొచ్చింది. సంతకం పెట్టాల్సిన సార్ మహబూబ్‌నగర్‌కు బదిలీ అయ్యారు. దొరికిన ఒక్క సెలవు రోజున కల్వకుర్తి మీదుగా బస్సులు మారి పోతే, సార్ సాయంత్రం దాకా ఆపరేషన్ థియేటర్‌లోనే ఉన్నారు, ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

అర్ధరాత్రి రెండింటికి పురుగుమందు తాగిన రైతును తెస్తే గొట్టం వేసి కడుపు కడిగింది నేనే. ఆ కేస్ షీట్ నిండా నా చేతిరాతే ఉంది, అది తీసి చూడొచ్చు కదా!