గాజాలో అద్దెకు దిగిన విలేకరి

విలేకరికి బీట్, అంటే వార్తలు రాయాల్సిన ప్రాంతమో విషయమో, ఇస్తారు గానీ ఇల్లు మార్చమని ఎవరూ అడగరు. అమీరా హాస్ మార్చారు. జెరూసలేంలో పుట్టిన ఈ యూదు మహిళ 1989లో ఇజ్రాయెల్ పత్రిక హారెట్జ్‌లో కాపీలు దిద్దే ఉద్యోగంలో చేరారు. 1993లో మకాం గాజాకి, 1997లో వెస్ట్ బ్యాంకులోని రమల్లాకి. పొద్దున వెళ్లి నలుగురితో మాట్లాడి చీకటి పడేలోగా టెల్ అవీవ్ చేరుకోవడం కాదు, పాలస్తీనియన్ల మధ్యే కాపురముండి, వాళ్ల సంగతులు హీబ్రూలో తన జనం కోసం రాయడం. 2003లో యునెస్కో పత్రికా స్వేచ్ఛ బహుమతి వచ్చింది, మంచిదే. నాకైతే ఆమె కెరీర్‌లో అసలు విషయం ఆ ఇంటి అడ్రసే.

అడ్రసు మారితే వార్త మారుతుంది. బాంబు పడితే ఎవరైనా రాస్తారు, పర్మిట్ గురించి ఎవరు రాస్తారు? 1970ల నుంచి గాజా, వెస్ట్ బ్యాంకు జనంలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌లోకి పెద్దగా అడ్డు లేకుండా వచ్చిపోయేవారు. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధం వేళ, ఆ సాధారణ అనుమతి తీసేశారు, ఇక ఎవరికి వారు విడిగా కాగితం తెచ్చుకోవాల్సిందే. పాలస్తీనియన్ల ఆత్మాహుతి దాడుల వల్లే దారులు మూశారని అందరూ అనుకుంటుంటే, కాదు, అంతకు ముందే మూయడం మొదలైందని ఆమె ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. ఇలాంటి వార్త క్యూలో నిలబడి వచ్చిన పక్కింటాయన దగ్గర దొరుకుతుంది, ప్రెస్‌మీట్‌లో దొరకదు. మన పేపర్లలో గాజా అంటే చాలావరకు ఏజెన్సీ కాపీకి తెలుగు, అందులో మృతుల సంఖ్య ఉంటుంది, పర్మిట్ ఉండదు.

ఆమె తల్లి బెర్గెన్-బెల్సెన్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డావిడ. ఖైదీలను శిబిరానికి నడిపిస్తుంటే దారిలో జర్మన్ ఆడవాళ్లు ఊరికే చూస్తూ ఉండిపోయారట. అమ్మ చెప్పిన ఆ దృశ్యం తనలో నాటుకుపోయిందని అమీరా అంటారు. నమ్ముతాను, కానీ అదొక్కటే కారణమంటే ఒప్పుకోను, అదే చరిత్ర నుంచి సరిగ్గా ఎదురు పాఠం నేర్చుకున్న ఇళ్లు కూడా ఇజ్రాయెల్‌లో ఎన్నో ఉన్నాయి.

అక్కడే ఉన్నంత మాత్రాన రాసిందంతా నిజమైపోదు. వెస్ట్ బ్యాంకులోని హెబ్రాన్‌లో ఇజ్రాయెల్ భద్రతా దళాల చేతిలో చనిపోయిన ఒక పాలస్తీనియన్ శవాన్ని అక్కడ కాలనీలు కట్టుకుని ఉంటున్న యూదు సెట్లర్లు అవమానించారని, సాక్షుల మాట మీద రాశారు. టీవీ దృశ్యాలు ఆ మాటకు సరిపోలేదు. 2001లో కోర్టు 2.5 లక్షల షెకెళ్ల పరిహారం కట్టమంది. తాను పాలస్తీనియన్ల వైపు సమాచారం తెస్తానని, సైన్యంతో, సెట్లర్లతో సరిచూసుకోవడం ఎడిటర్ల పని అన్నట్టుగా ఆమె సమాధానం చెప్పారు. ఇది నాకు మింగుడు పడదు. వార్త మీద పేరు (బైలైన్) తనదైనప్పుడు ఆ ఫోనేదో తనే చేయాలి కదా.

ఇక టెన్షన్ రెండు వైపులా. 2006 చివర్లో ఇజ్రాయెల్ తన జర్నలిస్టులను గాజాలోకి వెళ్లనివ్వడం మానేసింది, అయినా 2008లో ఆమె పడవెక్కి వెళ్లారు. కొన్నాళ్లకు అప్పట్లో గాజాను ఏలుతున్న హమాస్ వెళ్లిపొమ్మంది, తిరిగొస్తుంటే ఇజ్రాయెల్ పోలీసులు అరెస్టు చేశారు. 2014లో రమల్లా దగ్గరి బిర్జీత్ యూనివర్సిటీ సదస్సులో పేరు పక్కన హారెట్జ్ అని రాసుకుంటే, ఇజ్రాయెలీ సంస్థల వాళ్లు ఇక్కడ ఉండకూడదని బయటికి పంపేశారు. ఆమె ఆ సంగతి కూడా హారెట్జ్‌లోనే రాశారు.