నెలసరి ఆలస్యమైతే ‘చెడు రక్తం’ పేరుకుంటుందా?

వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతున్న మెసేజ్ ఇది: నెలసరి సరిగ్గా 28 రోజులకు రావాలట. రాకపోతే చెడు రక్తం కడుపులో పేరుకుంటుందట. పచ్చి బొప్పాయి, చిమ్మిలి తింటే మూడు రోజుల్లో వచ్చేస్తుందట. పెళ్లికాని పిల్లలకైతే పెళ్లితో అంతా సర్దుకుంటుందట.

28 అనేది సగటు లెక్క. పెద్దవాళ్లకు 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో 45 రోజుల దాకా పట్టొచ్చు.

ఇక చెడు రక్తం. అండం విడుదలైన దాదాపు రెండు వారాలకు, గర్భం రాకపోతే, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తగ్గిపోయి గర్భాశయం లోపలి పొర ఊడి వస్తుంది. రక్తం పోవడం అప్పుడే మొదలు. అంతకుముందు లోపల నిల్వ ఉండదు. పరీక్షల టెన్షన్, జ్వరం, కటిక ఉపవాసాలు, ఉన్నట్టుండి బరువు తగ్గడం... వీటివల్ల అండం వారం ఆలస్యంగా విడుదలైతే నెలసరీ వారం ఆలస్యమవుతుంది. అయితే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో నెలల తరబడి అండం విడుదల కాక ఆ పొర మందమవుతూ పోవచ్చు. అందుకే డాక్టర్లు మాత్రలిచ్చి నెలసరి రప్పిస్తారు. పేరుకున్నది పొర, చెడు రక్తం కాదు.

చిమ్మిలి మంచి తిండే, తినండి. కానీ అది తిన్న మూడో రోజున వచ్చిందంటే, తినకపోయినా వచ్చేదే. పెళ్లయినవాళ్లు డేట్ దాటాక బొప్పాయి కోసం వెతికే బదులు ముందు మందుల షాపులో ప్రెగ్నెన్సీ కిట్ కొనుక్కోవాలి.

మెసేజ్‌లో లేని కారణం ఒకటుంది. వరలక్ష్మీ వ్రతానికో తిరుపతి ప్రయాణానికో అడ్డు రాకూడదని నోరెథిస్టిరాన్ మాత్రలు వేసుకుంటారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది, తర్వాతి డేట్ అక్కడి నుంచి లెక్క. అత్యవసర గర్భనిరోధక మాత్ర కూడా డేట్‌ను ముందుకో వెనక్కో జరుపుతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ డాక్టరుకు చెప్పరు!

పెళ్లి మాటకొస్తే, థైరాయిడ్ సమస్యతోనూ నెలసరి తప్పొచ్చు, థైరాయిడ్‌కి ముహూర్తాలు తెలియవు. రక్తపరీక్షతో తేలేదాన్ని పెళ్లిచూపుల దాకా లాగడం ఆ పిల్లకు అన్యాయం.

మూడు నెలలు రాకపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, డేట్‌కీ డేట్‌కీ మధ్య రక్తం కనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి. నలభై దాటాక ‘ఆగిపోయే వయసే కదా’ అని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్లండి.