స్నూపింగ్‌ను ఆపేయకండి, ముందు క్వెరియర్‌ను పెట్టండి

కెమెరాల వీడియో మధ్యలో ఆగిపోతోందనో, ఐపీ టీవీ బాక్సులో బొమ్మ బిగుసుకుపోతోందనో ఎవరైనా అడిగిన ప్రతిసారీ వచ్చే మొదటి సలహా ఒకటే: నెట్‌వర్క్ స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (వీడియోను అడిగిన పోర్టులకే పంపే ఏర్పాటు) ఆపేయండి. ఆపేసిన మరుక్షణం వీడియో నడుస్తుంది కాబట్టి, సలహా అడిగినవారు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతారు, ఇచ్చినవారు సమస్య తీరిందనుకుంటారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం లాంటి ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగే స్విచ్) కొనడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకదాన్ని ఈ ఒక్క టిక్ తీసివేత రద్దు చేస్తుంది. పైగా అసలు లోపం ఎక్కడుందో ఎప్పటికీ బయటపడదు.

స్విచ్ తన మ్యాక్ అడ్రస్ (పరికరాల హార్డ్‌వేర్ చిరునామా) టేబుల్‌ను ఎలా నింపుకుంటుందో గుర్తుచేసుకుంటే ఈ గొడవ మూలం అర్థమవుతుంది. పోర్టులోకి వచ్చిన ప్రతి ఫ్రేములోనూ (డేటా ముక్కలోనూ) పంపినవారి చిరునామాను చూసి, ఏ వీల్యాన్‌లో (స్విచ్‌ను విడగొట్టిన ఉప నెట్‌వర్క్‌లో), ఏ పోర్టు వెనక ఆ పరికరం ఉందో స్విచ్ రాసుకుంటుంది. ఆ పరికరం మళ్లీ మాట్లాడకపోతే సాధారణంగా 300 సెకన్ల తర్వాత ఆ ఎంట్రీని చెరిపేస్తుంది. అయితే మల్టీకాస్ట్ చిరునామా, అంటే ఒకే ప్రవాహాన్ని కోరినవారందరికీ పంపడానికి వాడే గ్రూపు చిరునామా, ఎప్పుడూ గమ్యంగానే ఉంటుంది, పంపినవారి స్థానంలోకి రాదు. కాబట్టి ఈ పద్ధతిలో స్విచ్ దాన్ని నేర్చుకునే దారే లేదు. తెలియని చిరునామాకు వచ్చిన ఫ్రేమును ఆ వీల్యాన్‌లోని మిగతా అన్ని పోర్టులకూ పంపడం స్విచ్ ధర్మం. ఒక్కొక్కటి సెకనుకు 8 మెగాబిట్ల వీడియోను మల్టీకాస్ట్‌గా పంపే 16 కెమెరాలుంటే మొత్తం 128 మెగాబిట్లు. ఆ ప్రవాహం 100 మెగాబిట్ల పోర్టు మీద ఉన్న ప్రింటరు, హాజరు యంత్రం లాంటి వాటి మీద కూడా పడుతుంది, వాటి సొంత ట్రాఫిక్‌కు చోటే మిగలదు. వైఫై యాక్సెస్ పాయింట్ పరిస్థితి ఇంకా దారుణం, ఎందుకంటే అది మల్టీకాస్ట్‌ను మామూలుగా తన కనిష్ఠ వేగాల్లోనే గాలిలోకి వదులుతుంది. స్నూపింగ్ ఆపేయమనే సలహా తెచ్చిపెట్టేది ఈ స్థితినే.

ఏ పోర్టు మీద ఉన్నవారు ఏ గ్రూపు అడిగారో, వారు పంపే ఐజీఎంపీ రిపోర్టులను (ఫలానా గ్రూపు కావాలని చెప్పే సందేశాలను) పక్కనుంచి విని టేబుల్ రాసుకోవడమే స్నూపింగ్ పని. వినడమే దాని పని, అడగడం కాదు. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా ‘ఎవరికి ఏ గ్రూపు కావాలి?’ అని క్వెరీ పంపుతూ ఉంటేనే రిసీవర్లు మళ్లీ మళ్లీ రిపోర్టు చేస్తాయి. ఇలా అడిగేదే క్వెరియర్. మల్టీకాస్ట్ రౌటర్ ఉన్న నెట్‌వర్క్‌లో ఆ పని రౌటర్ చేస్తుంది. కెమెరాలూ రికార్డరూ ఒకే వీల్యాన్‌లో ఉండి, రౌటర్‌తో పనే లేని చోట అడిగేవారే ఉండరు. ఐజీఎంపీ రెండో వెర్షన్‌ను నిర్వచిస్తూ 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2236 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం డిఫాల్ట్‌గా క్వెరీల మధ్య విరామం 125 సెకన్లు, జవాబుకు గడువు 10 సెకన్లు. రెండు విరామాలకు ఆ పది కలిపితే వచ్చే 260 సెకన్లే ఒక గ్రూపు సభ్యత్వానికి ఆయుష్షు.

క్వెరియర్ లేని చోట జరిగేది కళ్లారా చూడాలంటే ప్లేయర్‌ను తెరిచి, పక్కనే స్విచ్ గ్రూపు టేబుల్‌ను పెట్టుకుని కూర్చోండి. ప్లేయర్ చేరగానే తనంతట తానే రిపోర్టు పంపుతుంది కాబట్టి ఎంట్రీ పుడుతుంది, వీడియో వస్తుంది. ఆ తర్వాత గడువు 260 నుంచి తగ్గుతూనే పోతుంది, ఒక్కసారి కూడా తిరిగి పైకి వెళ్లదు. రౌటర్ పోర్టు (క్వెరీలు వచ్చే పోర్టు) అనే గడి ఖాళీగా ఉంటుంది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర ఎంట్రీ మాయమవుతుంది, వీడియో ఆగిపోతుంది. ప్లేయర్ మూసి తెరిస్తే మళ్లీ నడుస్తుంది. అందుకే అందరూ కెమెరానో, కేబుల్‌నో, ఫర్మ్‌వేర్‌నో అనుమానిస్తారు. నమోదు కాని మల్టీకాస్ట్‌ను ఫ్లడ్ చేసే (అన్ని పోర్టులకూ పంపేసే) స్విచ్ అయితే వీడియో ఆగను కూడా ఆగదు. స్నూపింగ్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తూ ట్రాఫిక్ అన్ని పోర్టులకూ పోతుంటుంది. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చేయరు.

పరిష్కారం చాలా స్విచ్‌లలోనే ఉంది: ఐజీఎంపీ క్వెరియర్‌ను ఆన్ చేయడం. ఆ వీల్యాన్‌లో స్విచ్‌కు ఒక ఐపీ చిరునామా ఇవ్వాలి. ఒకటికి మించి క్వెరియర్లుంటే తక్కువ ఐపీ చిరునామా ఉన్నదే గెలుస్తుంది కాబట్టి, ట్రాఫిక్ అంతా కలిసే ప్రధాన స్విచ్‌కు తక్కువ చిరునామా ఇచ్చి, మరొక స్విచ్‌ను వెనక నిలపడం మంచిది. గెలిచిన క్వెరియర్ పడిపోతే రెండోది 255 సెకన్లు ఆగి బాధ్యత తీసుకుంటుంది. సభ్యత్వ గడువుకూ దానికీ తేడా 5 సెకన్లే. విరామాలను మార్చదలచుకుంటే అన్ని స్విచ్‌లలోనూ ఒకేలా మార్చండి. క్వెరియర్‌లో విరామం 300కు పెంచి, మిగతా స్విచ్‌లను 260 గడువు మీదే వదిలేస్తే ప్రతి విడతలోనూ వీడియో కాసేపు తెగుతుంది.

గ్రూపు చిరునామాల ఎంపికలోనూ అశ్రద్ధ ఎక్కువే. ఐపీవీ4 గ్రూపు చిరునామాలోని చివరి 23 బిట్లు మాత్రమే మ్యాక్ చిరునామాలోకి వెళ్తాయి కాబట్టి 32 గ్రూపులు ఒకే మ్యాక్‌ను పంచుకుంటాయి. 239.128.0.5 తీసుకున్నారంటే అది 224.0.0.5తో, అంటే ఓఎస్‌పీఎఫ్ అనే రౌటర్ల ప్రోటోకాల్ వాడే చిరునామాతో, ఒకే మ్యాక్‌కు చేరుతుంది, 224.0.0 వరుసను స్విచ్‌లు ఎప్పుడూ ఫ్లడ్ చేయాలి కనుక, మ్యాక్ ఆధారంగా పంపే స్విచ్‌లో మీ వీడియో కూడా వాటితోపాటు అంతటా పారుతుంది. 239.0.0 వరుసకూ ఇదే గతి.

తెలియని మల్టీకాస్ట్‌ను పడేయమనే సెట్టింగ్‌ను తొందరపడి నొక్కకండి. ఐపీవీ6లో పొరుగు పరికరాన్ని కనుగొనడమే 33:33తో మొదలయ్యే మల్టీకాస్ట్ మీద ఆధారపడుతుంది. ఎంఎల్‌డీ స్నూపింగ్ (ఐపీవీ6కు ఇదే పని చేసేది) సంగతి చూడకుండా దాన్ని నొక్కితే కొన్ని స్విచ్‌లలో ఐపీవీ6 మొత్తం కుంటుపడుతుంది. ఫాస్ట్ లీవ్ (వద్దన్న వెంటనే ఆ పోర్టును గ్రూపు నుంచి తీసేసే సెట్టింగ్) కూడా ఒక్కటే రిసీవర్ ఉన్న పోర్టుకే తగినది. ఆ పోర్టు అవతల మరో స్విచ్ ఉంటే, ఒక టీవీ ఆపగానే రెండో టీవీకి కూడా చానల్ పోతుంది.

ఇక స్టాటిక్ ఎంట్రీలు, అంటే టేబుల్‌లో చేత్తో రాసే శాశ్వత ఎంట్రీలు. అసలు మాట్లాడని, ఐజీఎంపీ తెలియని పాత పరికరానికి అవి తప్పవు, ఒప్పుకుంటాను. కానీ సభ్యత్వం నిలవడం లేదని ప్రతి గ్రూపునూ ప్రతి పోర్టుకూ చేత్తో కట్టేయడం నిర్వహణ కాదు. పరికరాన్ని మరో పోర్టుకు మార్చిన రోజున స్విచ్ పాత పోర్టుకే పంపుతూ ఉంటుంది, ఎక్కడా ఎర్ర దీపం వెలగదు.

స్విచ్ తయారీదారులకు నా విన్నపం ఒకటుంది. స్నూపింగ్ టిక్ ఒక పేజీలో, క్వెరియర్ సెట్టింగ్ ఇంకెక్కడో మూడో మెనూలో పెట్టకండి. వీల్యాన్‌లో స్నూపింగ్ ఆన్ చేయగానే ప్రస్తుత క్వెరియర్ చిరునామా, అది చివరిసారి క్వెరీ పంపి ఎన్ని సెకన్లయిందీ అక్కడే కనిపించాలి. ఆ చోటు ఖాళీగా ఉంటే సేవ్ చేసే ముందే హెచ్చరిక రావాలి. అది వచ్చేదాకా, బిగించేవారు వీడియో రాగానే సంతకం తీసుకుని వెళ్లిపోకుండా, దాన్ని పది నిమిషాలు ఆపకుండా నడిపి, గ్రూపు టేబుల్‌లో గడువు తిరిగి పైకి వెళ్లడం చూసిన తర్వాతే పని అప్పగించాలి.