నూరేళ్లు నిండకముందే గెంటివేత

ఒంటికన్ను, ఒంటికాలు, వేలాడే నాలుకతో గంతులేసే గొడుగు దయ్యాన్ని జపాన్ కార్టూన్లు చూసే పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. ఇంట్లో వాడే వస్తువుకు నూరేళ్లు నిండితే ప్రాణం వచ్చి 'త్సుకుమోగామి' అవుతుందని అక్కడి నమ్మకం. దీని గురించి రాసేవారంతా వస్తువుల పట్ల కృతజ్ఞత, ప్రకృతి ఆరాధన అంటూ ముక్తాయిస్తారు. నాకు మాత్రం ఇది అచ్చమైన కార్మిక వివాదం.

మురొమాచి కాలం (14-16 శతాబ్దాలు) నాటి 'త్సుకుమోగామి కి' చిత్రకథ చూడండి. నూరేళ్ల సామాను కీడు చేస్తుందన్న భయంతో జనం ఏటా వసంతానికి ముందు ఇల్లు దులిపి పాతవన్నీ వీధిలో పారేస్తారు. 10వ శతాబ్దపు క్యోటోలో అలా పారేసిన సామానంతా ఒకచోట చేరుతుంది. ఏళ్ల తరబడి ఊడిగం చేశాం, ప్రతిఫలం ఇవ్వకపోగా ఎద్దుల, గుర్రాల కాళ్ల కింద పడేశారన్నది వాటి గోడు. పగ వద్దని ఇచిరెన్ అనే జపమాల ఒక్కటే వాదిస్తుంది. మిగతావి దాన్ని చితకబాది తరిమేస్తాయి. (ఏ యూనియన్ సమావేశంలోనైనా ఇలాంటి జపమాల ఒకటి ఉంటుంది.) తరవాత దయ్యాలై, ఫునావోకా కొండ వెనక మకాం వేసి, మనుషుల్ని తింటూ విందులు చేసుకుంటాయి. చివరికి బౌద్ధ రక్షక దేవతలకు లొంగి, తాము తన్నిన జపమాలనే ఆశ్రయించి, షింగోన్ అనే బౌద్ధ శాఖలో చేరి బుద్ధత్వం పొందుతాయి. ఫిర్యాదు చేసినవారికి ధ్యానం నేర్పారు. గెంటేసిన యజమానుల జోలికి ఎవరూ పోలేదు.

కృతజ్ఞత వాదం ఉత్తదేమీ కాదు. ఏటా ఫిబ్రవరి 8న టోక్యోలోని సెన్సోజీ ఆలయంలో విరిగిన సూదులను మెత్తటి తోఫులో (సోయా పనీర్‌లో) గుచ్చి సాగనంపుతారు. సోనీ కంపెనీ 2014లో మరమ్మతులు ఆపేశాక ఐబో రోబో కుక్కలకు చిబాలోని ఒక గుడిలో అంత్యక్రియలు చేశారు. చూడముచ్చటే. కానీ దండం పెట్టడానికి డబ్బులు అక్కర్లేదు. బుద్ధి బయటపడేది హక్కు ఇవ్వాల్సి వచ్చినప్పుడే.

అదే జపాన్‌లో 2013 ఏప్రిల్‌లో ఒక చట్ట సవరణ అమల్లోకి వచ్చింది. ఒకే యజమాని దగ్గర కాంట్రాక్టులు కలిపి ఐదేళ్లు దాటితే, గడువు లేని ఉద్యోగం కోరే హక్కు దక్కుతుంది. 2018లో ఆ ఐదేళ్లు నిండబోతుండగా ఎందరికో కాంట్రాక్టు పొడిగింపు ఆగిపోయింది. పరిశోధకులకు పదేళ్ల గడువు పెట్టారు కాబట్టి వారి వంతు 2023 మార్చిలో వచ్చింది. ప్రాణం రాకముందే పారేయడమంటే ఇదే.

మనం నవ్వుకోనక్కర్లేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఐదేళ్ల సర్వీసు షరతు పెట్టింది. నాలుగేళ్లు దాటగానే కాంట్రాక్టరు పేరు మార్చి కొత్త కాగితం చేతిలో పెట్టే విద్య మన దగ్గర కొత్తదా? నిర్ణీత కాల ఉద్యోగులకు ఇకపై ఏడాదికే గ్రాట్యుటీ అని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. పదకొండో నెలలో ముగిసే కాంట్రాక్టులు ఎన్నో కార్మిక శాఖ ఇప్పటినుంచే లెక్కపెట్టాలి.