"లాయరు దండగ, మీసేవ కాగితం చాలు" అనే సందేశంలో నిజమెంత, ముప్పెంత

ఇంటి పెద్ద పోయిన పదిహేను రోజులకే ఆ ఇంట్లోవాళ్ల ఫోన్లకు ఎవరో ఒకరు పంపే వాట్సాప్ సందేశం ఒకటుంది. దాని సారాంశం ఇది. లాయరు చుట్టూ తిరగడం దండగ. కోర్టు కాగితం కూడా మనమే తెచ్చుకోవచ్చు. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుంటే బ్యాంకు, పొలం, ఇల్లు అన్నీ పేరు మారిపోతాయి. నామినీ ఉంటే డబ్బు ఆ నామినీదే. వీలునామా రిజిస్టరై ఉంటే ఎవరూ నోరెత్తలేరు. ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) మన రాష్ట్రాల్లో లేదు, ఇప్పుడు దేశంలోనే ఎత్తేశారు. ఆడపడుచులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెడితే ఇల్లు కొడుకులదే.

ఇందులో సగం నిజం. మిగతా సగాన్ని నమ్మినవాళ్లు దాని ఖరీదు పదేళ్ల తర్వాత, ఇల్లు అమ్మబోయేటప్పుడు కడతారు. లాయరు కావాలా వద్దా అన్నది ఆస్తి మొత్తానికి ఒక్కసారే తేల్చే విషయం కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఒక దారి, షేర్లకు ఒక దారి, ఇంటికి మరో దారి. చాలా పనులు ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. కొన్నిటికి మాత్రం ఫీజు ఇచ్చి చేయించుకోవడమే చవక. ఇక్కడ చెప్పే వారసుల లెక్క హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలది. ముస్లింలకు, క్రైస్తవులకు వాటాల లెక్క వేరు.

"ప్రొబేట్ మన దగ్గర లేదు, ఇప్పుడు అసలే రద్దయింది."

తప్పనిసరి కాదన్నంతవరకు నిజమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం హిందువుల వీలునామాలకు ప్రొబేట్‌ను తప్పనిసరి చేసింది పాత బెంగాల్ ప్రాంతంలోనూ, మద్రాసు, బొంబాయి నగరాల హైకోర్టు పరిధిలోనూ. కోస్తా, రాయలసీమ ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నా ఆ నగర పరిధిలోకి రావు. కాబట్టి మనవాళ్లలో చెన్నైలోనో ముంబైలోనో ఫ్లాటు ఉన్నవాళ్లకే ఎక్కువగా ఆ నిబంధన తగిలేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టంలోని 213వ సెక్షన్‌ను తీసేయడంతో ఆ నిర్బంధం కూడా పోయింది. ప్రొబేట్ మాత్రం పోలేదు. కావాలనుకున్నవాళ్లు ఇప్పటికీ జిల్లా కోర్టులో అడగవచ్చు.

ఎప్పుడు అడగాలి? వీలునామా దొంగదని వారసుల్లో ఒకరు అంటున్నప్పుడు, లేదా సాక్షులు పెద్దవయసువాళ్లై ఇప్పుడే వాంగ్మూలం నమోదు చేయించకపోతే తర్వాత దొరకరనిపించినప్పుడు. ప్రొబేట్‌ను వీలునామాలో నియమించిన ఎగ్జిక్యూటర్‌కే, అంటే దాన్ని అమలు చేసే బాధ్యత అప్పగించిన మనిషికే, ఇస్తారు. ఎగ్జిక్యూటర్ పేరు లేని వీలునామా పట్టుకుని కొడుకు "ప్రొబేట్ ఇప్పించండి" అని వేస్తే పిటిషన్ వెనక్కి వస్తుంది. అప్పుడు అడగాల్సింది వీలునామా జతపరిచిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారం చూసే అధికారం ఇస్తూ కోర్టు ఇచ్చే పత్రం. ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. ప్రొబేట్ కోర్టు తేల్చేది వీలునామా నిజమైనదా కాదా అన్నదే. ఆ ఆస్తి రాసినాయనదేనా అన్న తగాదా వేరే దావాలో తేలాలి.

"రిజిస్టరైన వీలునామాకు తిరుగులేదు."

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే కాగితం మార్చారనే ఆరోపణకు బలం తగ్గుతుంది, అంతే. వివాదం వస్తే, సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి, రాసినాయన సంతకం పెట్టడం తాను చూశానని, ఆయన ఎదుటే తానూ సంతకం పెట్టానని చెప్పాలి. ఇద్దరూ లేకపోతే వాళ్ల చేతిరాతను గుర్తుపట్టేవాళ్లను తేవాలి. కాగితం రాసిపెట్టిన దస్తావేజు లేఖరి సంతకం చివర ఉన్నంతమాత్రాన ఆయన సాక్షి అయిపోడు. రెండో సాక్షి లేని లోటును ఆ సంతకంతో పూడ్చబోయి దెబ్బతిన్న వీలునామాలు ఉన్నాయి.

పిత్రార్జితమైతే మరో చిక్కు. ఉమ్మడి ఆస్తిలో ఎవరైనా తన వాటా వరకే వీలునామా రాయగలరు. తాతల నాటి పొలం మొత్తాన్ని తండ్రి ఒక కొడుక్కే రాసినా, తక్కిన కొడుకుల, కూతుళ్ల వాటా ఆ కాగితంతో పోదు. కూతుళ్లకు ఈ హక్కును 2005 సవరణ ఇచ్చింది. తండ్రి ఎప్పుడు పోయారన్నదానితో దానికి సంబంధం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వీలునామాలో పిత్రార్జితం కలిసి ఉంటే సొంత ప్రయత్నం వద్దు. ముందు కాగితాలన్నీ లాయరుకు చూపించి రాతపూర్వక సలహా తీసుకోండి.

"నామినీ ఉంటే డబ్బు నామినీదే."

బ్యాంకు డబ్బు ఇచ్చేది నామినీకే. కోర్టు కాగితాలు గానీ ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత ఎవరైనా హక్కు అడిగితే నష్టం భరిస్తామన్న హామీ పత్రం) గానీ నామినీని అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారం ఇస్తే సరిపోతుంది. దీనికి లాయరు అక్కర్లేదన్నది అక్షరాలా నిజం. అయితే తీసుకున్న డబ్బు వారసులందరిదీ. నామినీ తీసుకుని అప్పగించే మనిషి మాత్రమే. షేర్ల విషయంలోనూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. పెద్దకొడుకు నామినీ అయితే, డబ్బు తన ఖాతాలో పడిన రోజే అంకె ఎంతో అందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. తర్వాత పుట్టే అనుమానాల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

"ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక్కటి చాలు."

కొన్నిటికి చాలు. నామినీ లేని బ్యాంకు ఖాతాల గురించి రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. బ్యాంకులన్నీ వాటిని అమలు చేయడానికి 2026 మార్చి 31 గడువు. వాణిజ్య బ్యాంకులో రూ. 15 లక్షల వరకు, సహకార బ్యాంకులో రూ. 5 లక్షల వరకు తేలిక పద్ధతి ఉంది. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, గుర్తింపు, ఇండెమ్నిటీ బాండ్, డబ్బు తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న లేఖ, వారసుల ధ్రువపత్రం ఇస్తే చాలు. బయటివాళ్ల జామీను అడగకూడదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. ఆలస్యం బ్యాంకుదైతే, రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. కౌంటరులో "సక్సెషన్ సర్టిఫికెట్ (డబ్బు, షేర్లు తీసుకునే అధికారం ఇస్తూ కోర్టు ఇచ్చే పత్రం) తెండి" అంటే ఆ మాటే రాసివ్వమని అడగండి, మీ దరఖాస్తుకు తేదీతో రసీదు తీసుకోండి. పదిహేను రోజుల లెక్క ఆ తేదీ నుంచే. డీమ్యాట్ షేర్లకు కూడా సెబీ రూ. 15 లక్షల వరకు ఇలాంటి తేలిక దారి పెట్టింది.

ఇక ఆ సర్టిఫికెట్ ఏది కాదో చూద్దాం. తహసీల్దారు ఇచ్చేది కుటుంబ సభ్యుల జాబితా. అది వాటాలు తేల్చదు, యాజమాన్యం ఇవ్వదు. పైగా తప్పులు ఎక్కువగా దొర్లేది అందులోనే. పెళ్లయి వెళ్లిన కూతుళ్లను వదిలేస్తారు. చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆమెను మరిచిపోతారు. ఆయన స్వార్జితంలో భార్యతో, పిల్లలతో సమానంగా తల్లికీ వాటా ఉంది. తండ్రికన్నా ముందే పోయిన కొడుకు ఉంటే, అతని భార్యాపిల్లలు కూడా మొదటి తరగతి వారసులే. ఈ పేర్లు లేకుండా వచ్చిన కాగితంతో డబ్బు తీసుకుంటే, మిగిలినవాళ్లు తర్వాత లెక్క అడగవచ్చు. దరఖాస్తులో అందరి పేర్లూ మీరే రాయండి. విచారణకు వచ్చినవాళ్లు రాసుకుంటారులే అని వదలొద్దు.

పొలం రికార్డులో వారసుల పేర్లు ఎక్కించడం, అంటే తెలంగాణలో విరాసత్, ఆంధ్రలో మ్యుటేషన్, ఇంట్లోవాళ్లే చేయించుకోదగిన పనులు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం కింద తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారిస్తారు. ఎవరి పేరు మీద ఎన్ని గుంటలన్నది ముందే అందరూ కూర్చుని రాసుకుని, సంతకాలతో వెళితే పని సాఫీగా సాగుతుంది. ఒక్కరి పేరే ఎక్కినా మిగతావాళ్ల వాటా చచ్చిపోదు.

"కోర్టు కాగితం కూడా మనమే తెచ్చుకోవచ్చు."

తెచ్చుకోవచ్చు. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం ఎవరి పిటిషన్ వాళ్లే వేసుకుని వాదించుకునే హక్కు ఉంది. చనిపోయినాయన నివాసం ఉన్న ఊరి కోర్టులో వేయాలి, బ్యాంకు ఉన్న ఊళ్లో కాదు. ఆయన పోయిన తేదీ, నివాసం, దగ్గరి బంధువులందరి పేర్లు, చిరునామాలు, మీ హక్కు ఎలా వచ్చింది, రావాల్సిన బాకీలు, సెక్యూరిటీలు, ఇవన్నీ పిటిషన్‌లో ఉండాలి. మిగతా వారసులకు నోటీసు, పేపరు ప్రకటన, మీ వాంగ్మూలం, తర్వాత ఆర్డరు. మొత్తం విలువ మీద శాతం లెక్కన కోర్టు ఫీజు ఉంటుంది. అది లాయరు ఉన్నా లేకున్నా కట్టాల్సిందే.

అసలు చిక్కంతా షెడ్యూలులో, అంటే పిటిషన్‌లో పెట్టే డిపాజిట్లు, షేర్ల జాబితాలో ఉంది. సర్టిఫికెట్ పనిచేసేది అందులో రాసిన వాటికే. "ఫలానా బ్యాంకులో ఉన్న డిపాజిట్లు" అని రాస్తే కుదరదు. బ్యాంకు, శాఖ, ఖాతా నంబరు, అసలు, గడువు తేదీ, పిటిషన్ నాటికి చేరిన వడ్డీ, ఒక్కో డిపాజిట్‌కు ఒక్కో వరుస ఉండాలి. ఒక ఎఫ్‌డీ మరిచిపోతే సర్టిఫికెట్‌ను దానికీ విస్తరించమని మళ్లీ కోర్టుకెళ్లాలి. షేర్లుంటే ఇంకొంచెం జాగ్రత్త. డివిడెండ్ తీసుకునే అధికారం ఒకటి, షేరును బదిలీ చేసే అధికారం ఒకటి. రెండూ అడగకుండా "వసూలు చేసుకొనుటకు" అని మాత్రం రాస్తే, కంపెనీ తరఫున షేర్ల లెక్క చూసే రిజిస్ట్రారు బదిలీకి ఒప్పుకోడు.

పేర్ల తేడా మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరం, షేరు కాగితంలో ఇంటిపేరు చివర, పట్టాదారు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. వెంకట సుబ్బారావు ఒకచోట వి. సుబ్బారావు, మరోచోట సుబ్బారావు వెంకట. పిటిషన్‌లోనే ఆ పేర్లన్నీ "అలియాస్" అని వరసగా రాసి, మరణ ధ్రువపత్రంతో పాటు ఆ పేర్లన్నీ ఒకే మనిషివన్న అఫిడవిట్ పెట్టండి. ఆర్డరు వచ్చాక సవరణ అడగడం కన్నా ఇది ఎంతో తేలిక.

రెండు మూడు డిపాజిట్లు, అందరూ ఒకే మాట మీద ఉన్న కుటుంబం, ఊళ్లోనే కోర్టు ఉంటే సొంతంగా వేసుకోండి. అన్నదమ్ములు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, షేర్లు పలు కంపెనీల్లో ఉంటే లాయరుకు అప్పగించండి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ భారత కాన్సులేట్ ధ్రువీకరణతోనో, నోటరీ మీద అపోస్టిల్‌తోనో (ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) రావాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటిన పవర్లతో ఆగిపోయిన ఫైళ్లు కొల్లలు.

"వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం చాలు."

ఈ సందేశం మొత్తంలో ఎక్కువ నష్టం చేసే వాక్యం ఇదే. సక్సెషన్ సర్టిఫికెట్ ఇంటికి, స్థలానికి పనికిరాదు, అది డబ్బుకు, సెక్యూరిటీలకు మాత్రమే. ఇంట్లో చెల్లెలి వాటా అన్నకు రావాలంటే హక్కు విడుదల దస్తావేజు గానీ పార్టిషన్ డీడ్ (పంపకాల దస్తావేజు) గానీ సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు కావాలి. నోటరీ చేసిన "అభ్యంతరం లేదు" కాగితం వాటాను బదిలీ చేయదు. మున్సిపాలిటీలో పన్ను పేరు మారుతుంది, కరెంటు మీటరు పేరు మారుతుంది, అంతా అయిపోయిందనిపిస్తుంది. కొనేవాడు బ్యాంకు రుణానికి వెళ్లిన రోజున ఆ బ్యాంకు ప్యానెల్ లాయరు లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పత్రాలు, అడుగుతాడు. చెల్లెలి వాటా అన్నకు వచ్చినట్టు ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఎక్కడా కనపడదు. అప్పటికి ఆమె లేకపోతే ఆమె పిల్లలందరి సంతకాలూ కావాలి.

"నోటిమాటగా పంచుకున్నాం, దాన్నే కాగితం మీద పెట్టాం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అనే వాదన ఉంది. అది నిలిచేది కాగితం నిజంగా జరిగిపోయిన పంపకానికి జ్ఞాపకంగా రాసినప్పుడే. "ఇందుమూలముగా నేటి నుండి ఈ గది నీది" అన్న వాక్యం పడిందంటే హక్కు ఆ కాగితంతోనే పుట్టినట్టు. రిజిస్టరు కాకపోతే కోర్టులో దాన్ని పంపకానికి రుజువుగా చూడరు. వారసుల్లో మైనర్లుంటే, ఉదాహరణకు పోయిన తమ్ముడి పిల్లలుంటే, వాళ్ల వాటాను తల్లి సంతకంతో వదిలించుకోలేరు. కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి. తీసుకోకపోతే మేజర్లయ్యాక ఆ పిల్లలు దాన్ని రద్దు చేయించగలరు. ఈ ఒక్క దస్తావేజు రాయించడానికి లాయరు ఫీజు ఇవ్వడంలో వెనకాడొద్దు.

ఇక ఫీజు మాట. "వచ్చినదాంట్లో పది శాతం" అడిగే లాయరుకు అక్కడే నమస్కారం పెట్టండి. గెలుపును బట్టి ఫీజు, వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. పిటిషన్ రాయడానికి ఇంత, వాంగ్మూలం దాకా ఇంత, సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంత అని మూడు విడతలుగా కాగితం మీద రాయించుకోండి. కోర్టు ఫీజు, పేపరు ప్రకటన ఖర్చు వేరుగా చూపించమనండి. డబ్బు లేక ఆగిపోయే ఇల్లాలు ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లమని చెప్పండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఆ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.