శ్రీ ఆరు శాతం గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఆరు శాతం గారికి,

బోస్టన్ సౌత్ ఎండ్ నుంచి, మీ చేతికి చిక్కకుండా తప్పించుకున్న ఒక తెనాలివాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు పుట్టింది ఇళ్ళమ్మే ఏజెంట్ల కమీషన్ వంశంలోనే అయినా ఇక్కడ మిమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ‘స్టాండర్డ్’ అంటారు. మా ఊళ్ళో ఇల్లమ్మితే మధ్యవర్తికి అటొక శాతం, ఇటొక శాతం. అదైనా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా టీ తాగుతూ బేరమాడి కొంత కోస్తాం. మీ దగ్గర ఆ చనువు లేదు. ‘అంతా మాట్లాడుకోవచ్చు’ అని కాగితం మీద ఉంటుంది, కింది గడిలో మాత్రం మీరే కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటారు. సంఘం పెట్టుకుని రేట్లు కట్టడి చేయకూడదని ఈ దేశపు సుప్రీంకోర్టు 1950లోనే చెప్పింది. ఆ తర్వాత కూడా మీరు ఐదుకీ ఆరుకీ మధ్యే పచార్లు చేశారు. చివరికి 2023 అక్టోబర్ 31న కాన్సాస్ సిటీలో ఇళ్ళమ్మినవాళ్ళ దావా మీద ఒక జ్యూరీ దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం అనేసరికి, మరుసటి మార్చిలో జాతీయ రియల్టర్ల సంఘం 41.8 కోట్లకు రాజీకొచ్చింది.

ఆ వార్త చదివిన రాత్రి మా బావమరిదికి ఆవేశం వచ్చింది. ‘బావా, మన ఇల్లు మనమే అమ్ముకుందాం.’

మన ఇల్లంటే నేనూ, మా బావమరిదీ, అతని స్నేహితుడూ కలిసి కొన్న పాత రో హౌస్, పక్కిళ్ళతో గోడలు కలిసిన వరసిల్లు. 1860ల నాటిది. ఎర్ర ఇటుక ముఖం విల్లులా ముందుకు వంగి, ఎత్తైన రాతిమెట్లతో, నెత్తిన పలకరాతి కప్పుతో, బయట నుంచి చూస్తే జమీందారు. 1873 ఆర్థిక సంక్షోభం తర్వాత ఈ పేటలోంచి డబ్బున్నవాళ్ళు తరలిపోతే ఇలాంటి ఇళ్ళు చాలావరకు గదులు అద్దెకిచ్చే సత్రాలయ్యాయి. మేం దాన్ని మూడు కాండోలు, అంటే విడివిడిగా అమ్ముకునే మూడు వాటాలు చేశాం. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టిన ఇల్లు కోసి అమ్మి చూడమని పెద్దలెవరూ చెప్పలేదు. వాళ్ళకే ధైర్యం చాలలేదేమో.

ఈ పేట 1983 నుంచి లాండ్‌మార్క్ డిస్ట్రిక్ట్, అంటే పాత రూపు కాపాడాల్సిన చోటు. వీధిలోంచి కనిపించేదాని మీద ఆ డిస్ట్రిక్ట్ కమిషన్ వారి చూపుంటుంది. ముందు కిటికీలు కొయ్యవే ఉండాలన్నారు. ఉంచాం. లోపల ఏం చేసుకున్నా వాళ్ళకి పట్టదు. అందుకని హాలు పైకప్పుకి మధ్యలో ఉన్న సున్నపు పువ్వు, ద్రాక్షాకులతో, గుత్తులతో, బండి చక్రమంత పువ్వు, దాని మీదుగా మా ఇంజినీరు అడ్డగోడ లేపాడు. ఇప్పుడు సగం పువ్వు పడకగదిలో, సగం బాత్రూంలో. చూడ్డానికొచ్చిన ఒకావిడ తలెత్తి ‘మిగతా సగం ఏమైంది?’ అనడిగింది. మీ మనిషైతే ‘ఒరిజినల్ డీటెయిల్ అండీ’ అని గట్టెక్కేవాడు. నేను తీసుకెళ్ళి షవర్ పక్కన చూపించాను.

మీ నుంచి తప్పించుకున్నామనుకుంటే మీ చుట్టాలు వచ్చి పట్టుకున్నారు. 1963లో ఈ రాష్ట్రం చేసిన కాండో చట్టం, అధ్యాయం 183ఎ, ప్రకారం మాస్టర్ డీడ్‌లో, అంటే మూల దస్తావేజులో, ఒక్కో యూనిట్‌కి ఉమ్మడి ఆస్తిలో వాటా రాయాలి. మొత్తం విలువలో ఆ యూనిట్ విలువ ఎంతో అంత. కింది రెండంతస్తులకి 41.5, మధ్య అంతస్తుకి 22, పైవాటికి 36.5 శాతం అని తేల్చడానికి మాకు మూడు శనివారాలు పట్టింది. ఆ చివరి అర శాతం దగ్గర మా బావమరిది, అతని స్నేహితుడు మాట్లాడుకోవడం మానేశారు. పైగా యూనిట్ అమ్మినప్పుడల్లా ‘ఈ యజమాని సంఘానికి బాకీ లేడు’ అని 6(డి) సర్టిఫికెట్ ఇవ్వాలి. సంఘమంటే ట్రస్టీలు. ట్రస్టీలంటే మేమే. మాకు మేం బాకీ లేమని మేమే సంతకాలు చేసి మాకే ఇచ్చుకున్నాం. ఆ కాగితం చూసి లాయరు ఎంతో సంతోషించాడు.

ఇక మేకుల సంగతి. ఇది మీరు ముందే చెప్పి ఉండాల్సింది. ఈ పేటలో చాలా భాగం సముద్రపు పాయను పూడ్చిన నేల. ఇళ్ళు బురదలో దిగేసిన కొయ్య మేకుల మీద, అంటే దుంగల్లాంటి పైల్స్ మీద, నిలబడ్డాయి. భూగర్భజలంలో మునిగి ఉన్నంతకాలం ఆ కొయ్యకి ఢోకా లేదు, నీరు దిగి గాలి తగిలిందా, పుచ్చు పట్టడం మొదలు. కొనేవాళ్ళ లాయరు ‘మీ పైల్స్ చివరిసారి ఎప్పుడు చూశారు?’ అని మెయిల్ పెట్టాడు. కృష్ణా కాలవ పొంగితే ఇల్లేమవుతుందో అని భయపడుతూ పెరిగినవాణ్ణి, నీళ్ళు తగ్గితే ఇల్లు కూలుతుందని యాభై దాటాక తెలిసింది. ఈ నీటిమట్టం కొలవడానికే 1986లో గ్రౌండ్‌వాటర్ ట్రస్టని ఒకటి పెట్టారు. మా వీధి ఫుట్‌పాత్‌లో వాళ్ళ బావి మూత ఉంది, అరచేయంత ఇనప బిళ్ళ. ఇన్నేళ్ళూ దాని మీదే కాలేసి నడిచాను. ఇప్పుడు పక్కకి తప్పుకుని వెళ్తున్నాను.

రాజీ పుణ్యమా అని 2024 ఆగస్టు 17 నుంచి కొనుగోలుదారు ఏజెంటుకి ఎంతిస్తామో ఏజెంట్ల ఉమ్మడి లిస్టింగులో రాయకూడదు కదా. రాయలేదు. ఫోను మోగింది. నమస్కారం లేదు, ఇంటి వైశాల్యం అడగలేదు. ‘మాకెంత?’ అన్నారు. రాత మీద నిషేధం గానీ నోటి మీద లేదట.

ఇంక మీ విషయంలో ఒక్కటి ఒప్పుకోవాలి. ఓపెన్ హౌస్ ఆదివారం మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ ఫిల్టర్ కాఫీ, కారప్పూస పెట్టింది. ఒక జంట వంటింట్లో నిలబడి ‘చీకటిగా ఉంది కదూ’ అని గుసగుసలాడుకున్నారు. నేను వెనకనుంచి ‘పొద్దున పదింటికి రండి, ఎండ సింకులో పడుతుంది’ అన్నాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ‘లవ్లీ హోమ్’ అని కప్పులు కింద పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడర్థమైంది, మీ మనిషి అమ్మేది ఇల్లు కాదు. యజమానికి వినబడనంత దూరంలో, కార్లో, ‘ఆ మెట్లు మరీ ఇరుకు, ఒక లక్ష తగ్గిస్తాడా?’ అని మనసు విప్పే అవకాశం. నా ఎదుట ఎవరు విప్పుతారు? మెట్లు ఇరుకంటే మా ఆవిడ కొలబద్ద తెచ్చేది.

సరే, ఆ పనికి కూలి ఇవ్వాల్సిందే. కానీ 40 లక్షల డాలర్ల ఇంటి మీద 2,40,000 డాలర్లా? మధ్య అంతస్తు అమ్మినా కింది రెండంతస్తులు అమ్మినా దిగేసే బోర్డు ఒకటే, ఫొటో తీసే కెమెరా ఒకటే. మీ ఆకలి మాత్రం గది గదికీ పెరుగుతుంది.

మూడూ అమ్ముడయ్యాయి. ఆఖరిదానికి గిరాకీ మా ఊరి కుర్రాడి మాటసాయంతో దొరికింది. మొన్న ఆష్లాండ్ గుడిలో పులిహోర తింటుంటే పక్కనొచ్చి కూర్చున్నాడు.

‘అన్నయ్యా, ఆ పార్టీని మీ దగ్గరికి పంపింది నేనే కదా...’

‘లైసెన్స్ లేకుండా బ్రోకర్ పనిచేసి కమీషన్ తీసుకోవడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం తమ్ముడూ.’

‘ఛ ఛ, మనలో మనకి కమీషనేంటి! ఏదో, మీకు తోచింది.’

‘ఎంత తోచమంటావ్?’

వాడు ప్లేటులో మిగిలిన జీడిపప్పు ఏరుకుంటూ నవ్వాడు. ‘బయట ఎంత నడుస్తోందో మీకు తెలీదా అన్నయ్యా!’

ఇట్లు,
మీ తప్పిపోయిన గిరాకీ