మా ఊరి బస్ షెల్టర్ గారికి ఒక విన్నపం

మ.రా.రా.శ్రీ బస్ షెల్టర్ గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. మీ కుశలం కళ్ళారా చూస్తూనే ఉన్నాను: కొత్త ఓక్ కర్ర కప్పు, కొత్త బెంచీ, పూలబుట్ట, దాతల పేర్లతో ఇత్తడి పలక. ఇక నా కుశలం సంగతి.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మీ గోడ మీది టైంటేబుల్‌ను నమ్మి 1:40 బస్సు కోసం కూర్చున్నాను. రెండు ట్రాక్టర్లు వెళ్ళాయి. గుర్రం మీద వెళ్తున్న ఒకావిడ చెయ్యి ఊపింది. వాన వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. బస్సు మాత్రం రాలేదు. టౌన్లో 2:45కి పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) కింద కొత్త పేషెంటును చేర్చుకునే డెంటిస్టు దొరకడం ఎంత అదృష్టమో ఈ ఇంగ్లండులో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తీయించుకోవాల్సిన పన్ను ఇంకా నోట్లోనే ఉంది, అపాయింట్‌మెంటు మాత్రం పోయింది.

చివరికి గొర్రెల ఫారం పెద్దాయన జీపు ఆపి, "మధ్యాహ్నం బస్సు సోమవారం నుంచి తీసేశారుగా, నోటీసు చూడలేదా?" అన్నాడు. నోటీసు పెట్టారు, నిజమే. మీ దగ్గర కాదు. ఊరికి ఆ చివర, చర్చి గేటు పక్కనున్న పారిష్ (ఇక్కడి గ్రామ పంచాయతీ లాంటిది) నోటీసు బోర్డులో. బోర్డుకు అద్దం తలుపు, తలుపుకు తాళం, తాళంచెవి వారానికి కొన్ని గంటలు మాత్రమే పనిచేసే క్లర్కు గారి దగ్గర. ఆ నోటీసును కూడా ఫ్లవర్ షో పోస్టరు సగం కప్పేసింది. బస్సు కబురు బస్సు ఎక్కేచోట పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మీ ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. రిబ్బన్ కత్తిరించడానికి చైర్మన్ గారు కారులో వచ్చారు. చప్పట్లు కొట్టడానికి మిగతావాళ్ళు కార్లలో వచ్చారు. చోటు చాలక బస్సు ఆగేచోటే పార్కు చేశారు. ఆదివారం కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం బస్సుండదు.

ఈ పారిష్‌లో ప్రతిదానికీ పైతొడుగు భద్రంగా ఉంటుంది, లోపలిది ఉండదు. ఎర్ర టెలిఫోన్ బాక్సును ఫోన్ కంపెనీ బీటీ దగ్గర 1 పౌండుకు తీసుకుని ముచ్చటగా రంగు వేయించారు, అందులో ఫోన్ లేదు. ఇళ్ళ పేర్లు చూడండి: ది ఓల్డ్ పోస్టాఫీస్, ది ఓల్డ్ బేకరీ, ది ఓల్డ్ స్కూల్‌హౌస్. ఉత్తరం వేయాలన్నా, రొట్టె కొనాలన్నా, పిల్లాణ్ణి బడికి పంపాలన్నా ఇప్పుడు టౌనుకే పోవాలి. ఆ టౌనుకు పోవడానికే కదండీ బస్సు అడుగుతున్నది! మిమ్మల్నీ ఏదో ఒకరోజు లండన్ వాళ్ళెవరో కొనుక్కుని "ది ఓల్డ్ బస్ షెల్టర్" అని వీకెండ్ ఇల్లు చేసుకుంటారు. కప్పు ఎలాగూ కొత్తదే.

పారిష్ మీటింగులో ఈ సంగతి ఎత్తాను. మా విలేజ్ హాలులో జనానికి మాట్లాడేందుకు తలా మూడు నిమిషాలిస్తారు. అందరూ శ్రద్ధగా విన్నారు. "చాలా మంచి పాయింటు" అన్నారు. ఈ దేశంలో ఆ మాట అన్నారంటే పని జరగదని అర్థం చేసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆపైన బస్సు తమ పరిధి కాదన్నారు. రోడ్డు గుంతలు జిల్లాకు పైనుండే కౌంటీ పరిధి. ఇళ్ళకు అనుమతులు జిల్లా పరిధి. పారిష్‌కు మిగిలినవి మీరు, బెంచీలు, కుక్కల చెత్తడబ్బా. మిగిలిన మీటింగులో సగం పూలతొట్టెల్లో జెరేనియం వేయాలా, లావెండర్ వేయాలా అన్నదానికే సరిపోయింది. 2021లో చెషైర్‌లోని హ్యాండ్‌ఫర్త్ పారిష్ కౌన్సిల్ వాళ్ళు జూమ్ మీటింగులో అరుచుకున్న వీడియో చూసి లోకమంతా నవ్వింది. మా వాళ్ళు నవ్వలేదు, శ్రద్ధగా చూసి మ్యూట్ చేయడం నేర్చుకున్నారు.

కౌంటీకి రాశాను. బస్సు కంపెనీని అడగమన్నారు. కంపెనీ వాళ్ళు, కౌంటీ డబ్బిస్తే నడుపుతామన్నారు. 1985 రవాణా చట్టం పుణ్యమా అని, మరుసటి ఏడాది అక్టోబరు నుంచి లండన్ బయట చాలాచోట్ల, లాభం ఉంటే, ఏ కంపెనీ అయినా బస్సు నడుపుకోవచ్చు. లాభం లేనిచోట, అవసరం అనిపిస్తే, చేతిలో డబ్బుంటే, కౌంటీ నడిపిస్తుంది. మా రూట్లో లాభం ఎక్కడిది? ఎక్కేది నేను, ఇద్దరు పెద్దావిడలు, కాలేజీ కుర్రాడు. వేల్స్ సరిహద్దు కొండల నడుమ ఇంతకంటే జనాన్ని ఎక్కడినుంచి తెమ్మంటారు? మా అమ్మగారి ఊళ్ళో షెల్టర్ లేదు, వేపచెట్టే స్టాపు. అయినా పల్లెవెలుగు వస్తుంది. ఆలస్యంగానైనా వస్తుంది.

మర్యాద ఇంతవరకే షెల్టర్ గారూ. మిమ్మల్ని కట్టే అధికారం పారిష్‌లకు 1953 చట్టం ఇచ్చింది. అది అందరికీ కంఠతా వచ్చు. 1997లో ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం పారిష్ కౌన్సిల్ బస్సు సర్వీసుకు గ్రాంటు ఇవ్వొచ్చు, ఊళ్ళోవాళ్ళు కార్లు పంచుకునే పథకం పెట్టొచ్చు, టాక్సీ చార్జీలో రాయితీ ఏర్పాటు చేయొచ్చు. పరిధి కాదన్న నోళ్ళలో ఒక్కదానికీ ఆ చట్టం గుర్తురాలేదు. ఒక్క ఊరి పన్నుతో బస్సు నడవదని నాకూ తెలుసు. కానీ ఈ రూట్లో ప్రతి ఊరికీ మీలాంటి షెల్టర్ ఒకటుంది. అన్ని కప్పుల డబ్బు ఒకచోట పోస్తే ఒక మధ్యాహ్నం బస్సు దక్కేది కాదా?

మా పక్కింటి పెద్దావిడ చూపు మందగించి లైసెన్సు వదులుకుంది. ఆమెకు ప్రభుత్వం ఉచిత బస్సు పాసు ఇచ్చింది. పనిరోజుల్లో అది ఉదయం 9:30 తర్వాతే చెల్లుతుంది. మాకు మిగిలిన ఒక్క పొద్దుటి బస్సు 9:25కి. అయిదు నిమిషాల కోసం ఆమె టికెట్టు కొని వెళ్ళేది. మధ్యాహ్నం బస్సు పోయాక, ఇప్పుడు వెళితే తిరిగి రావడానికి బస్సే లేదు. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టింది. టౌన్లో కూతురింటి దగ్గర చిన్న ఫ్లాటు చూసుకుంటోంది. మీ పక్కనే "మన గ్రామ జీవనాన్ని కాపాడుకుందాం" అని బ్యానరు కట్టారే, దానికి ఎదురుగా ఉన్నది ఆమె ఇల్లే. సిగ్గనిపించడం లేదా? మీకు కాదు లెండి, కట్టినవాళ్ళకు.

మీమీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను, అదొక బాధ. ఆ రోజు వానలో నా తల తడవలేదు. మీ కింద మనిషి కనిపిస్తే ఈ ఊళ్ళో ఎవరో ఒకరు బండి ఆపుతారు. గొర్రెల పెద్దాయన కుక్కను వెనక్కి తోసి నన్ను ఇంటిదాకా దించాడు. 1997 చట్టం గురించి ఆయనకేమీ తెలియదు.

మే నెలలో వార్షిక పారిష్ మీటింగు. భారత పౌరురాలినైనా, కామన్‌వెల్త్ లెక్కన ఇక్కడ నాకు స్థానిక ఓటుంది. పోయిన ఎన్నికల్లో అభ్యర్థులు చాలక కౌన్సిల్లో సీట్లు ఖాళీగా ఉన్నాయి. దరఖాస్తు ఫారం అడిగాను. క్లర్కు గారు నోటీసు బోర్డులో పెడతానన్నారు.

ఇట్లు,
తమ బెంచీ మీద వృథాగా కూర్చున్న విధేయురాలు

తా.క.: మీ గోడమీది పాత టైంటేబుల్ తీయించమని అడిగితే, గోడ పారిష్‌ది, దాని మీది అద్దం పెట్టె కౌంటీది, లోపలి కాగితం కంపెనీది అన్నారు. స్క్రూడ్రైవర్ మాత్రం నాదే.